పాత కార్ల ప్రదర్శనను వీడియో తీసి, కూర్చడం ఎలా?

పాత కార్ల ప్రదర్శన ఎక్కడ జరిగినా ఆ సాయంత్రానికే దాని వీడియోలు ఫోన్లలో తిరుగుతుంటాయి. చాలావరకు అన్నీ ఒకే తీరులో ఉంటాయి. వరసగా నిలిపిన బండ్ల ముందు నుంచి నడుచుకుంటూ తీసిన దృశ్యం, దాని మీద హోరెత్తే సంగీతం, అంతే. నలభై కార్లు కనిపిస్తాయి, ఒక్కటీ మనసులో నిలవదు. మీరు వీడియో తీయబోతుంటే నా మాట ఒక్కటే: కొద్ది బండ్లనే ఎంచుకోండి, వాటి దగ్గర ఎక్కువసేపు ఉండండి, వాటి సొంత చప్పుడు వినిపించండి, వాటిని బతికిస్తున్న మనుషులతో మాట్లాడించండి. ఫోను ఖరీదైనదా, కెమెరా ఉందా లేదా అన్నది ఆ తరువాతి సంగతి.

ఇంత పట్టుపట్టి చెప్పడానికి కారణముంది. ఒక మోరిస్ మైనర్‌కు రంగు వేయించి నిలబెట్టడం డబ్బుతో అయ్యే పని. పెట్రోలునూ గాలినీ కలిపే దాని కార్బ్యురేటర్‌ను చెవితో విని సరిచేయగల మేస్త్రిని డబ్బుతో తయారు చేయలేం. అలాంటివారు ప్రతి ఊళ్లోనూ తగ్గిపోతున్నారు. వారి చేతి పనీ మాటా మీ ఫోనులో నమోదైతే ఆ వీడియోకు పదేళ్ల తరువాత కూడా విలువ ఉంటుంది.

వెళ్లే ముందు చేయవలసినవి

ముందు నిర్వాహకులకు ఫోను చేసి మూడు విషయాలు కనుక్కోండి: బండ్లు ఎన్ని గంటలకు వచ్చి నిలుస్తాయి, జనాన్ని ఎప్పుడు లోపలికి వదులుతారు, చివర్లో ఊరేగింపులా బండ్లు కదులుతాయా. ఢిల్లీ, కోల్‌కతాలలో స్టేట్స్‌మన్ పత్రిక నడుపుతూ వచ్చిన ర్యాలీల వంటి వాటిలో బండ్లు రోడ్డెక్కుతాయి. కొన్ని ప్రదర్శనల్లో మాత్రం నిలిపిన చోటు నుంచి కదలవు. ఈ రెండింటికీ వేర్వేరుగా సిద్ధపడాలి. అనుమతి సంగతి కూడా అప్పుడే అడగండి. జనం ఉన్నచోట డ్రోన్ ఎగరవేయాలన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. తల మీద గిరగిర తిరిగే రెక్కలు ప్రమాదం, పైగా ఇంజన్ చప్పుడంతా వాటి రొదలో కలిసిపోతుంది.

సామాను తక్కువే చాలు. ఫోను లేదా కెమెరా, చిన్న ట్రైపాడ్, చొక్కాకు తగిలించే మైకు, దానికి బొచ్చు తొడుగు, పవర్ బ్యాంకు, మెత్తటి గుడ్డ. ఫోనులో ఖాళీ ఎంతుందో చూసుకోండి. 4కే నాణ్యతలో, సెకనుకు 30 ఫ్రేములతో తీస్తే, కొత్త పొదుపు కోడెక్ (వీడియోను కుదించి దాచే పద్ధతి) వాడినా నిమిషానికి సుమారు 170 ఎంబీ పడుతుంది. పాత కోడెక్ అయితే దానికి రెట్టింపు. ఒక గంట దృశ్యాలకు పది నుంచి ఇరవై జీబీ ఖాళీ ఉంచుకోవాలన్నమాట. పూర్తయిన వీడియో 1080 నాణ్యతలో ఉన్నా సరే, తీసేటప్పుడు 4కే తీయడం మేలు. కూర్చేటప్పుడు, అంటే ఎడిటింగ్‌లో, ఫ్రేమును కాస్త కత్తిరించి దగ్గరికి తెచ్చుకోవచ్చు.

ముదురు రంగు చొక్కా వేసుకోండి. క్రోమియం బంపర్లు, హెడ్‌లైటు గిన్నెలు, నల్లటి తలుపులు అన్నీ అద్దాలే. తెల్ల చొక్కాతో నిలబడితే ప్రతి షాట్‌లోనూ మీరే కనబడతారు.

ముందుగా సాధన చేయాలనుకుంటే హైదరాబాదులో మంచి చోట్లున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలపు కార్లు ఉన్నాయి. వాటిలో 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను చూడడానికే వెళ్లవచ్చు. బహదూర్‌పురాలో, జంతు ప్రదర్శనశాల దగ్గర, సుధా కార్ల మ్యూజియం ఉంది. క్రికెట్ బంతి, చెప్పు, పుస్తకం వంటి ఆకారాల్లో చేతితో తయారుచేసిన బండ్లు అక్కడ ఉంటాయి. లోపల వెలుతురు, మెరిసే ఉపరితలాలు, ఇరుకు దారులు, ఇలా ప్రదర్శనలో ఎదురయ్యే ఇబ్బందులన్నీ అక్కడే తెలిసివస్తాయి. ఫోటోల నిబంధనలు, రుసుము మాత్రం ద్వారం దగ్గరే అడిగి తెలుసుకోండి.

జనం కన్నా ముందే చేరుకోండి

పొద్దున్నే వెళ్లమనేది మెత్తటి ఎండ కోసం మాత్రమే కాదు. పాత ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఒక్కసారే ఆ చప్పుడు చేస్తుంది. చోక్ (చల్లని ఇంజన్‌కు పెట్రోలు పాలు పెంచే మీట) లాగి సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సార్లు మూలిగి, తడబడి, ఒక పొగ వదిలి, మెల్లగా నిలదొక్కుకుంటుంది. ఒకసారి వేడెక్కాక ఆ తడబాటు పోతుంది, మధ్యాహ్నం ఎంత బతిమాలినా రాదు. బండ్లను లారీల మీద నుంచి దించే సమయంలో మీరు అక్కడ ఉంటే ఇది దొరుకుతుంది.

ఇంకొక కారణం మైకు సెట్టు. జనం రాగానే నిర్వాహకులు సినిమా పాటలు పెడతారు. ఆ పాట మీ రికార్డింగులో పడితే రెండు నష్టాలు. ఇంజన్ చప్పుడు నుంచి దాన్ని విడదీయలేరు. వీడియోను నెట్‌లో పెట్టగానే పాట హక్కుదారుల నుంచి అభ్యంతరం రావచ్చు. శబ్దానికి సంబంధించిన పనంతా పాటలు మొదలయ్యేలోపు ముగించండి.

మూడు బండ్లు ఎంచుకోండి

మొత్తం ఒకసారి తిరిగి చూడండి, కెమెరా తీయకుండా. తరువాత మూడు బండ్లను ఎంచుకోండి. ఖరీదును బట్టి కాదు. ఏదో ఒకటి చేసి చూపించగలిగిన బండి కావాలి, దాని గురించి చెప్పగలిగిన మనిషి పక్కన ఉండాలి. పాత మోరిస్ మైనర్ ఉంటే దాని ఇండికేటర్ చూడండి. తలుపు పక్క స్తంభంలోంచి చిన్న చేయి బయటికి లేచి వెలుగుతుంది. తొలితరం ఫియట్ 1100కు ముందు తలుపుల కీళ్లు వెనకవైపు ఉంటాయి కాబట్టి తలుపు మామూలు దిక్కుకు ఎదురుగా తెరుచుకుంటుంది. పాత అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని బండ్లలో స్టీరింగ్ పక్కనే గేరు కర్ర ఉంటుంది. దాన్ని పైకీ కిందికీ కదిపే చేయిని తీయండి. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ యజమానిని వెనక మూత తెరవమనండి, ఇంజన్ అక్కడుంటుంది. చేతితో తిప్పే కడ్డీతో మొదలయ్యే బండి దొరికితే ఇక వెతకనక్కర్లేదు.

రోల్స్ రాయిస్ చుట్టూ ఎప్పుడూ పాతికమంది ఉంటారు. ఆ మూలన ఒంటరిగా నిలిచిన స్టాండర్డ్ హెరాల్డ్ యజమాని మాత్రం ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటాడు. ఆయన దగ్గరికి వెళ్లండి. మన తెలుగు ఇళ్లలో తాతలు నడిపినవి అంబాసిడర్లు, ఫియట్లు, స్టాండర్డ్ బండ్లే కదా. చూసేవారికి జ్ఞాపకాలు కదిలేది కూడా అక్కడే.

షాట్లు

ముందు లెన్సు తుడవండి. జేబులో ఉన్న ఫోను లెన్సు మీద జిడ్డు లేకుండా ఉండదు. ఎండలో ఆ జిడ్డే పాలపొరలా కనిపిస్తుంది.

ఫోకస్‌నూ వెలుతురునూ లాక్ చేయండి. తెరమీద బండిని నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో ఇది జరుగుతుంది. ఆ తరువాత వెలుతురును కొద్దిగా తగ్గించండి. క్రోమియం మీద ఎండ తగిలిన చోట తెల్లగా కాలిపోతే ఆ వివరం ఇక తిరిగి రాదు. నీడలో ఉన్నదాన్ని మాత్రం తరువాత కొంత వెలిగించుకోవచ్చు.

ప్రతి బండికీ ఈ వరస పాటించండి. దూరం నుంచి బండి మొత్తం, అది నిలిచిన చోటుతో సహా. తరువాత హెడ్‌లైటు ఎత్తుకు వంగి ముందు భాగం. కంటి ఎత్తు నుంచి తీస్తే బండి బొమ్మలా చిన్నబోతుంది, వంగి తీస్తే దాని ఠీవి తెలుస్తుంది. ఆపైన వివరాలు: బానెట్ మీది గుర్తు, డ్యాష్‌బోర్డులోని ముళ్లు, అరిగిన పెడల్, సీటు కుట్టు, స్టెప్నీ. చివరగా మనిషి చేతులు. తాళం తిప్పే చేయి, గుడ్డతో తుడిచే చేయి, ఆయిల్ కడ్డీ తీసి చూసే చేయి. ఈ చేతుల షాట్లు ఎన్ని ఉంటే అంత మంచిది. కూర్చేటప్పుడు మిమ్మల్ని కాపాడేవి ఇవే.

ప్రతి షాట్‌నూ కనీసం పది సెకన్లు కదలకుండా పట్టుకోండి. మీరు వాడేది నాలుగు సెకన్లే కావచ్చు, కానీ ముందూ వెనకా ఊపిరి ఉండాలి. కదిలించాలనుకుంటే ఒక దిక్కుకు, ఒక్కసారి, మెల్లగా. డిజిటల్ జూమ్ వాడకండి, మీరే రెండడుగులు ముందుకు వెయ్యండి.

మెరుపుల గురించి రెండు మాటలు. లెన్సుకు తగిలించే పోలరైజర్ ఫిల్టర్‌ను తిప్పుతూ చూస్తే ముందు అద్దం మీద, రంగు మీద పడే ప్రతిబింబం తగ్గి లోపలి సీట్లు కనిపిస్తాయి. క్రోమియం వంటి వట్టి లోహం మీద మాత్రం అది పనిచేయదు. అక్కడ కోణం మార్చుకోవడమే దారి. నల్ల కారును తీసేటప్పుడు కారును చూడకండి, అందులో ఏం కనిపిస్తోందో చూడండి. ఎదుట చెట్టో ఖాళీ ఆకాశమో ఉండేలా నిలబడితే దాని ఒంపులన్నీ గీత గీసినట్టు తేలుతాయి.

హాలు లోపల తీస్తుంటే వెలుగు కొట్టుకోవడం గమనించండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి దీపాలు సెకనుకు వందసార్లు మినుకుతాయి. షట్టర్‌ను, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు తీసుకునే సమయాన్ని, సెకనులో 1/50 లేదా 1/100 వంతు దగ్గర పెడితే తెరమీద చారలు రావు. ఫోనులోని మామూలు కెమెరాలో ఈ అమరిక లేకపోతే, చేతితో సర్దుకునే వీలున్న ఉచిత యాప్ వేసుకోండి.

శబ్దం

ఈ భాగం మీద మీరు ఎంత శ్రద్ధ పెడితే వీడియో అంత నిలుస్తుంది. ఒక్కొక్క ఇంజన్‌ది ఒక్కొక్క గొంతు. పాత అంబాసిడర్‌లోని 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బరువుగా గుర్రుమంటుంది. ఫియట్‌లోని 1089 సీసీ ఇంజన్ దానికన్నా చురుకు. మూడు సిలిండర్ల మారుతి 800ది, 796 సీసీలో, సన్నటి వేరే లయ. గాలితో చల్లబడే బీటిల్‌ది టకటకలాడే పొడి చప్పుడు. వీటిని పక్కపక్కన వినిపిస్తే చూసేవారు కళ్లు మూసుకుని కూడా బండిని పోల్చుకుంటారు. అలాంటి వీడియోను సంగీతంతో కప్పేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఫోను తన ఇష్టం వచ్చినట్టు శబ్దాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఇంజన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు పెంచేస్తుంది, యాక్సిలరేటర్ తొక్కగానే నొక్కేస్తుంది. ఫలితంగా చప్పుడంతా ఒకే ఎత్తులో చదునుగా ఉంటుంది. వీలుంటే స్థాయిని చేతితో పెట్టుకోండి. యజమానిని ఒకసారి గట్టిగా తొక్కమని, మీటరులో ఆ శిఖరం −6 డెసిబెల్స్ దాటకుండా (0 అంటే శబ్దం పగిలే గీత) సర్ది, తరువాత రికార్డు చేయండి. గీత దాటి పగిలిన శబ్దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ మునుపటిలా చేయలేదు.

మైకును సైలెన్సర్ గొట్టానికి ఎదురుగా పెట్టకండి. ఆ గాలి నేరుగా తగిలి బరబరమనే మోత తప్ప ఏమీ రాదు. గొట్టానికి మీటరున్నర దూరంలో, పక్కకు పెట్టండి. తరువాత బానెట్ తెరిపించి అక్కడ మరోసారి. వెనక వినిపించేది గొంతు, ముందు వినిపించేది వాల్వుల టిక్కుటిక్కు. ఈ రెండూ విడివిడిగా ఉంటే కూర్పులో ఎంతో స్వేచ్ఛ ఉంటుంది. తలుపు మూసినప్పటి బరువైన చప్పుడు, రబ్బరు బల్బు హారన్, గేరు పడిన శబ్దం, ఇవి కూడా. చివరగా ఎవరూ మాట్లాడకుండా, ఏ బండీ మొదలవకుండా, ఆ ఆవరణ చప్పుడును ఒక నిమిషం తీసిపెట్టుకోండి. రెండు మాటల మధ్య ఖాళీ వచ్చినచోట దాన్ని పరిస్తే అతుకు తెలియదు.

మనుషులను మాట్లాడించడం

కెమెరా ఎత్తుకుని మీద పడకండి. ముందు పలకరించండి, బండి చుట్టూ ఆయనతో ఒకసారి తిరగండి. మైకు తగిలించాక ఎండ వీపున కాకుండా పక్క నుంచి ముఖం మీద పడేలా నిలబెట్టండి. ఆయన చూపు మీవైపు ఉండాలి, లెన్సు వైపు కాదు.

“ఈ కారు ఏ మోడలండీ?” అని మొదలుపెడితే అంకెలు వస్తాయి. “సార్, ఈ బండి మీ ఇంటికి ఎలా వచ్చింది?” అంటే కథ వస్తుంది. “ఆఖరిసారి దారిలో ఎక్కడ ఆగిపోయింది?” అంటే నవ్వుతూ మొదలుపెడతారు. “దీనికి సామాను ఎక్కడ దొరుకుతోంది? మేస్త్రి ఎవరు?” అని తప్పక అడగండి. మేస్త్రి అక్కడే ఉంటే ఆయన్నీ కూర్చోబెట్టండి. “మేస్త్రిగారూ, దీని జబ్బు మీకు వినగానే ఎలా తెలుస్తుంది?” అన్న ప్రశ్నకు వచ్చే జవాబు మీ వీడియోకు గుండెకాయ అవుతుంది. ఆయన మాట్లాడుతూ చేతులు తిప్పుతుంటే ఆ చేతులను కూడా ఫ్రేములో ఉంచండి. మధ్యలో “అవునా, అబ్బో” అనకుండా తల మాత్రం ఊపండి, లేకపోతే మీ గొంతు ఆయన మాట మీద పడుతుంది.

సంవత్సరాలు, మోడళ్ల విషయంలో జాగ్రత్త. ప్రేమతో చెప్పే మాటలో పదేళ్లు అటూఇటూ అవుతాయి. ఆర్‌సీ పుస్తకంలో తయారీ సంవత్సరం ఉంటుంది, చూపించమని మర్యాదగా అడగండి. పేర్ల దగ్గర కూడా తడబాటు సహజం. అంబాసిడర్‌కు ముందు హిందుస్థాన్ మోటార్స్ చేసిన ల్యాండ్‌మాస్టర్‌ను చాలామంది అంబాసిడరే అంటారు. 1964లో వచ్చిన ఫియట్ 1100 డిలైట్‌కే 1970వ దశకంలో ప్రీమియర్ పద్మిని అన్న పేరు వచ్చింది. తెలియని సంవత్సరాన్ని తెరమీద వేయకండి, పేరుతో సరిపెట్టండి.

బండ్లు కదిలేటప్పుడు

మలుపు ఉన్న చోట, లోపలి వైపు నిలబడండి. బండి వేగం తగ్గించుకుని, ముందు నుంచి పక్కకు తిరుగుతూ, మొత్తం రూపం చూపిస్తుంది. పాదాలు కదపకుండా నడుము నుంచి తిరుగుతూ వెంబడించండి. బండి ఫ్రేములోకి రాకముందే రికార్డింగ్ మొదలుపెట్టి, వెళ్లిపోయాక కూడా ఆపకండి. దూరమవుతున్న చప్పుడు అందమైనది.

ఎర్రటి ఎండలో ఫోను షట్టర్‌ను చాలా వేగంగా పెట్టేస్తుంది. అప్పుడు తీగల చక్రాలు ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి షట్టర్‌ను ఫ్రేముల సంఖ్యకు రెట్టింపు దగ్గరికి, అంటే 25 ఫ్రేములకు 1/50కి, తీసుకొస్తే చక్రం సహజంగా మసకబారుతుంది.

మీ షాట్ కోసం రోడ్డు మీద ఒక చుట్టు కొట్టి రమ్మని ఎవరినీ ఒత్తిడి చేయకండి. కేంద్ర రవాణా శాఖ 2021లో తెచ్చిన నిబంధనల కింద, 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ నమోదు ఉంది. నంబరు పలకలో వీఏ అన్న అక్షరాలు ఉంటాయి. అలా నమోదైన బండిని ప్రదర్శన, ర్యాలీ, మరమ్మతు, ఇంధనం వంటి అవసరాలకే రోడ్డు మీదికి తేవాలి.

కూర్పు

ఆ రాత్రే దృశ్యాలన్నిటినీ రెండు చోట్ల దాచండి. కూర్పు మాత్రం ఒక రోజు ఆగి మొదలుపెట్టండి.

కంప్యూటర్ ఉంటే డావిన్చీ రిజాల్వ్ ఉచిత రూపమే ఇంతటి పనికి సరిపోతుంది. కంప్యూటర్ పాతదైతే షాట్‌కట్, కేడెన్‌లైవ్ తేలికగా నడుస్తాయి, అవీ ఉచితమే. ఫోనులోనే చేయాలంటే కైన్‌మాస్టర్ వంటివి ఉన్నాయి. ఫోన్లు చాలావరకు ఫ్రేముల సంఖ్యను మారుస్తూ తీస్తాయి. అందువల్ల కంప్యూటర్‌లోకి వచ్చాక పెదవులకూ మాటకూ పొంతన తప్పుతుంది. అలా జరిగితే హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరులో స్థిరమైన ఫ్రేముల సంఖ్యకు మార్చి, ఆ ఫైళ్లతో పని మొదలుపెట్టండి.

ఇక పని వరస. ముందు దృశ్యాలను పక్కన పెట్టి మాటలనే పేర్చండి. మూడు బండ్ల మనుషులు చెప్పినవాటిలో మంచి ముక్కలను వరసలో పెట్టి, కళ్లు మూసుకుని వినండి. వింటుంటే కథ సాగితే వీడియో నిలబడినట్టే. విసుగు పుట్టిన చోట కత్తిరించండి. ఆ తరువాతే వాటిమీద వివరాల షాట్లు, చేతుల షాట్లు పరచండి. ఆయన చోక్ గురించి చెబుతుంటే చోక్ లాగుతున్న వేళ్లు కనిపించాలి.

ఒక బండి నుంచి మరో బండికి వెళ్లేటప్పుడు చప్పుడును ముందు పంపండి. ఫియట్ యజమాని ముఖం ఇంకా తెరమీద ఉండగానే అంబాసిడర్ సెల్ఫ్ మోత వినిపించాలి, సెకను తరువాత బండి కనిపించాలి. ఈ ఒక్క మెలకువతో పేజీలు తిప్పినట్టు తిరిగే జిలుగు మార్పులన్నిటి అవసరమూ తీరిపోతుంది. వాటిని ముట్టుకోకండి.

షాట్ నిడివికి గడియారం పెట్టుకోవద్దు. వివరాలకు మూడు నాలుగు సెకన్లు సరిపోతాయి. పొద్దుటి చల్లని ఇంజన్ మేలుకునే దృశ్యాన్ని మాత్రం అసలు కత్తిరించకండి. ఇరవై సెకన్లైనా, అరనిమిషమైనా, తడబాటు నుంచి నిలదొక్కుకునేదాకా ఉండనివ్వండి. మొత్తం వీడియో ఏడెనిమిది నిమిషాలు ఉంటే మూడు బండ్లకూ న్యాయం జరుగుతుంది.

సంగీతం తప్పదనుకుంటే మొదట్లో, చివర్లో కొద్దిగా, హక్కుల చిక్కు లేనిది వాడండి. మాట నడుస్తున్నప్పుడు వద్దు. ఇంజన్ నడుస్తున్నప్పుడు అసలే వద్దు. మాట స్థాయి −12 డెసిబెల్స్ దరిదాపుల్లో నిలిపి, మిగిలిన చప్పుళ్లను దానికి తగ్గట్టు కిందికి దించండి.

రంగుల దగ్గర ఎక్కువ పని పెట్టుకోకండి. ముందు తెల్లని వస్తువు తెల్లగా కనిపించేలా సర్దండి, ఒకే బండి షాట్లన్నీ ఒకే రంగులో ఉన్నాయా చూడండి. ఫోన్లు ఎరుపును మరీ మండించేస్తాయి. పాత మెరూన్ రంగు నిప్పులా కనిపిస్తుంటే ఎరుపు గాఢతను మాత్రం తగ్గించండి. ఆ రంగును ఏళ్ల తరబడి వెతికి కలిపించిన మనిషి మీ వీడియో చూస్తాడు.

తెరమీద తెలుగు

బండి పేరు, సంవత్సరం, ఊరు తెలుగులో వేయండి. కొన్ని ఎడిటర్లలో ఒత్తులు విడిపోతాయి, గుణింతాలు చెదురుతాయి. “అంబాసిడర్ గ్రాండ్” అని టైపు చేసి చూస్తే వెంటనే తేలిపోతుంది. విడిపోతుంటే ఆ పేరును వేరే సాఫ్ట్‌వేరులో రాసి, వెనక రంగు లేని పీఎన్‌జీ బొమ్మగా దాచి, దాన్ని వీడియో మీద పెట్టండి. ఖతుల (ఫాంట్ల) కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, పెద్దన, సూరన్న వంటివి ఉచితంగా దొరుకుతాయి. పేర్లకు లావుగా ఉండే రామభద్ర బాగుంటుంది, కింద నడిచే అక్షరాలకు (సబ్‌టైటిళ్లకు) మండలి. యజమాని మాటలకు కూడా ఆ అక్షరాలు వేయండి. చప్పుళ్ల మధ్య తీసిన మాట ఎంత స్పష్టంగా ఉన్నా కొన్ని పదాలు చెవికి అందవు.

బయటికి పంపే ముందు

హెడ్‌ఫోన్లతో ఒకసారి, ఫోను స్పీకరుతో ఒకసారి చూడండి. లోతైన ఇంజన్ గొంతు ఫోను స్పీకరులో మాయమవుతుంది. అక్కడ కూడా ఏదో వినిపించాలంటే బానెట్ దగ్గర తీసిన టిక్కుటిక్కు శబ్దాన్ని కొంచెం పెంచండి. యజమానులు వద్దన్న నంబరు పలకలను, దగ్గరగా కనిపించే పరాయి పిల్లల ముఖాలను మసక చేయండి. 1080 నాణ్యతలో, హెచ్.264 అనే కోడెక్‌లో దాచితే అన్ని ఫోన్లలోనూ తెరుచుకుంటుంది.

ముందు ఆ ముగ్గురు యజమానులకూ, మేస్త్రికీ చూపించండి. సంవత్సరం తప్పుపడినా, భాగం పేరు మారినా వారే పట్టుకుంటారు. దిద్దాక అందరికీ విడుదల చేయండి. మేస్త్రి మాట్లాడినదంతా, కత్తిరించని పూర్తి రికార్డింగ్‌ను, ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆయన ఇంట్లోవారికి ఇవ్వండి.